పదాతి సైనికుడి పద్దు ముందు తెరవండి

భారత పార్లమెంటు రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘం అధ్యక్షులకు, సభ్యులకు

అయ్యా, అమ్మా,

ఏటా రక్షణ శాఖ పద్దులు మీ పరిశీలనకు వస్తాయి. యుద్ధ విమానాలు ఎందుకు ఆలస్యమయ్యాయి, జలాంతర్గాములు ఎన్ని తక్కువ పడ్డాయి అని మీరు అడిగే ప్రశ్నలు పత్రికల్లో చూస్తుంటాం. అవి అడగాల్సిన ప్రశ్నలే. నేను మాత్రం అంతకన్నా చిన్న వస్తువుల గురించి రాస్తున్నాను. ఆర్మీ ఆర్డ్నెన్స్ కోర్‌లో స్టోర్ కీపర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. లెడ్జర్లో ఉన్న అంకెకూ అరలో ఉన్న సరుకుకూ ఎంత దూరం ఉండొచ్చో చూస్తూనే నా సర్వీసు గడిచింది. పదాతి బెటాలియన్ జవాను భుజాన ఏముంది, కాళ్లకేముంది, అతని దగ్గరున్న తూటాలు ఎన్ని రోజులకు వస్తాయి అన్నవి మీ ముందుకొచ్చే పట్టికల్లో చిట్టచివరి వరుసల్లో ఉంటాయి. వాటిని మొదటి వరుసకు తెమ్మని అడగడానికే ఈ లేఖ.

నా సాక్ష్యం ఫిన్లాండ్. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్ నుంచి ఎస్తోనియా దాకా ఎన్నో కొత్త దేశాలు కొత్త సైన్యాలు కట్టుకున్నాయి. వాటిలో ఫిన్లాండ్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, అది ఇరవై ఏళ్లపాటు పెట్టిన ప్రతి ఖర్చుకూ, పెట్టని ప్రతి ఖర్చుకూ 1939 నవంబరు 30 నుంచి 1940 మార్చి 13 వరకు, సోవియట్ యూనియన్‌తో సాగిన 105 రోజుల యుద్ధంలో ఆడిట్ జరిగింది. ఏ నిర్ణయం నిలబడింది, ఏది కూలింది అని వెదకడానికి అంత స్పష్టమైన లెక్క మరోచోట నాకు కనిపించలేదు. మనది పెద్ద దేశం, వాళ్లది చిన్న దేశం అని మీరు అనవచ్చు. కానీ కొండ అంచున ఉన్న ఒక పోస్టుకు దేశం పెద్దదా చిన్నదా అన్నది తెలియదు. అక్కడికి ఏది చేరిందో అదే దాని సైన్యం.

1917 డిసెంబరు 6న ఫిన్లాండ్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. రెండు నెలలైనా గడవకముందే తెల్లవాళ్లు (ప్రభుత్వ పక్షం), ఎర్రవాళ్లు (సోషలిస్టు కార్మికుల పక్షం)గా చీలి దేశం అంతర్యుద్ధంలో పడింది. 1918 మేలో అది ముగిసేసరికి ప్రభుత్వం చేతిలో మిగిలినవి ఇవి: రష్యన్ శిబిరాల నుంచి లాక్కున్న మోసిన్-నాగాంట్ రైఫిళ్లు, మాక్సిం మెషిన్‌గన్లు, జారు కాలం నాటి ఫిరంగులు. మనుషుల విషయానికొస్తే, ప్రపంచ యుద్ధ సమయంలో రహస్యంగా జర్మనీ వెళ్లి యేగర్ బెటాలియన్‌లో శిక్షణ పొందిన దాదాపు 1,900 మంది యువకుల్లో తిరిగివచ్చినవాళ్లు, వాళ్లతోపాటు రష్యన్ సైన్యంలో పనిచేసిన కొద్దిమంది అధికారులు. వీళ్లకీ వాళ్లకీ పడేది కాదు.

కొత్త జెండా ఎగరేసిన దేశానికి కొత్త రైఫిల్ కూడా కావాలనిపిస్తుంది. ఫిన్లాండ్ ఆ మోజుకు పోలేదు. రష్యన్ 7.62 మిల్లీమీటర్ల తూటానే ఉంచుకుంది. డిపోల్లో ఉన్న రైఫిళ్లన్నీ దానికే చేసినవి. యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన రష్యన్ రైఫిళ్లు చౌకగా దొరికేవి. అన్నిటికన్నా ముఖ్యంగా, తమ మీదికి వచ్చే సైన్యం ఏదో వాళ్లకు తెలుసు. వచ్చిన శత్రువు దగ్గర ఉండేదీ ఆ తూటాయే. 1923లో లపువాలో తూటాల కర్మాగారం పెట్టారు. రైఫిల్, తేలికపాటి మెషిన్‌గన్, బరువైన మాక్సిం, మూడిట్లోనూ ఒకే తూటా. రైఫిల్ యంత్రభాగాన్ని పాత రష్యన్ రైఫిళ్ల నుంచే తీసుకుని, దానికి మేలైన కొత్త గొట్టం, మెరుగైన గురిసాధనాలు బిగించారు. ఉన్న డబ్బును గురి తప్పకుండా చేసే భాగం మీదే పెట్టారన్నమాట. యుద్ధంలో సోవియట్ దళాల నుంచి పట్టుకున్న మెషిన్‌గన్‌ను మరుక్షణమే తమ పెట్టెలోని తూటాలతో వాడుకోగలిగారు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగమని ప్రార్థన. ఈ రోజు మన పదాతిదళంలో ఇన్సాస్ రైఫిల్‌కు 5.56×45 తూటా. 2019లో 72,400 కొన్న సిగ్ 716 రైఫిల్‌కు 7.62×51. 2021 డిసెంబరులో ఒప్పందమై అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతున్న, ఆరు లక్షలకు పైగా రావలసిన ఏకే-203కు 7.62×39. ఒక్కొక్క నిర్ణయానికీ దాని కారణాలు ఉండవచ్చు. అన్నిటినీ కలిపి మోయవలసినవాడు స్టోర్‌మన్. పైన ఉన్న పోస్టుకు కంచరగాడిదల మీద పెట్టెలు కట్టేటప్పుడు రెండు పెట్టెల మీదా 7.62 అనే ఉంటుంది, ఒకదానిలోది ఇంకో రైఫిల్‌లో పట్టదు. రాత్రిపూట, మంచులో, హడావుడిలో ఆ తేడా కనిపెట్టవలసింది ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు. మూడు తూటాలు ఎన్నేళ్ల వరకు కలిసి నడుస్తాయి, ఒకటిగా ఎప్పుడు తగ్గుతాయి అని సంఘం రాతపూర్వకంగా అడగాలి.

తూటా విషయంలో తెలివిగా ఉన్న ఫిన్లాండ్, రైఫిల్ విషయంలో మాత్రం రెండు ఆఫీసుల పంతానికి బలైంది. అక్కడ సైన్యంతో పాటు సువోయెలుస్‌కుంటా అనే స్వచ్ఛంద రక్షక దళం ఉండేది. ఊరూరా శాఖలు, దాదాపు లక్ష మంది సభ్యులు, సొంత నిధులు, సాకో పేరుతో సొంత ఆయుధ కర్మాగారం. మహిళలకు లోట్టా స్వార్డ్ సంఘం ఉండేది: వంటశాలలు, ఆస్పత్రులు, బట్టల కుట్టుపని, గగనతల పహరా. ఇంత గొప్ప ఏర్పాటు చేసుకున్నవాళ్లే రైఫిల్‌ను ఎవరికి వారు చేసుకున్నారు. సైన్యానిది ఎం-27, రక్షక దళానిది ఎం-28, ఆ తరువాత మెరుగుపరిచిన ఎం-28-30. మూలం ఒక్కటే అయినా విడిభాగాలు, కొలతలు వేరు. ఇద్దరికీ కలిపి ఒకే రైఫిల్‌గా ఎం-39 నిర్ణయమయ్యేసరికి యుద్ధం గుమ్మంలో ఉంది. అది పెద్ద సంఖ్యలో చేతికందింది యుద్ధం అయిపోయాకే. సిమో హాయ్హా అనే గురికాడి పేరు మీరు వినే ఉంటారు. కొల్లా దగ్గర అతను పట్టుకున్నది రక్షక దళం రైఫిలే, మంచి రైఫిల్. అతని ప్రతిభను పొగుడుతూ ఆ రెండు ఆఫీసుల మధ్య పోయిన ఏళ్లను మరిచిపోవడం నాకు నచ్చదు.

ఇక నిర్మాణం సంగతి. నా దృష్టిలో ఆ ఇరవై ఏళ్లలో ఫిన్లాండ్ చేసిన అత్యుత్తమమైన పని ఇదే, దీనికి పెద్దగా డబ్బు కూడా కాలేదు. మొదట్లో వాళ్లది మామూలు పద్ధతి: శాంతికాలంలో ఉన్న రెజిమెంట్లనే యుద్ధం వస్తే రిజర్వు మనుషులతో నింపడం. నింపడానికి రోజులు పడతాయి. సరిహద్దు చూస్తే లెనిన్‌గ్రాడ్‌కు ముప్పై రెండు కిలోమీటర్లు. కరేలియా భూసంధి మీద శత్రువు ఆ రోజులు ఇవ్వడని అందరికీ తెలుసు. 1930ల తొలి ఏళ్లలో పద్ధతి మార్చి, 1934 నుంచి ప్రాంతీయ సమీకరణ విధానం అమలు చేశారు. దేశాన్ని తొమ్మిది సైనిక ప్రాంతాలుగా విడదీశారు. ఒక్కో ప్రాంతం యుద్ధకాలంలో ఒక్కో డివిజన్‌ను నిలబెట్టాలి. ప్రాంతంలోని జిల్లాలు దానికి రెజిమెంట్లు ఇవ్వాలి. శాంతికాలపు సైన్యానికి రెండే పనులు మిగిలాయి: నిర్బంధ సేవకు వచ్చిన యువకులకు శిక్షణ ఇవ్వడం, సమీకరణ పూర్తయ్యేదాకా సరిహద్దును కాయడం.

ఇది కాగితం మీద మ్యాపు గీయడం కాదు. ఏ ఊరి రైతు ఏ బడి ఆవరణలో హాజరు కావాలో అతనికి ముందే తెలుసు. అతని రైఫిల్, దుప్పటి, కంపెనీ బండి ఏ డిపోలో ఉన్నాయో జిల్లా అధికారికి తెలుసు. ఏ గుర్రం ఎవరి పొలం నుంచి రావాలో జాబితా ఉంది. స్టోర్ పని చేసినవాడిగా చెబుతున్నాను, ఆ జాబితాలు ఏటేటా సరిచూసి ఉంచడం ఎంత ఓపికతో కూడిన పనో, ఎంత కనపడని పనో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. 1939 అక్టోబరులో సోవియట్ యూనియన్ మాస్కో చర్చలకు పిలవగానే, ఫిన్లాండ్ ప్రభుత్వం యుద్ధ సమీకరణ అనే మాట వాడకుండా అదనపు పునశ్చరణ శిక్షణ పేరుతో రిజర్వులను పిలిచింది. యుద్ధం మొదలయ్యే నాటికి మనుషులు తమ కందకాల్లో ఉన్నారు, తమ అధికారుల ముఖాలు ఎరిగి ఉన్నారు. ముప్పై ఏడు లక్షల జనాభా ఉన్న దేశం మూడు లక్షలకు పైగా మందిని గందరగోళం లేకుండా నిలబెట్టింది.

ఈ పద్ధతిలో పక్క కందకంలో ఉన్నవాడు మన ఊరివాడే అవుతాడు. అది బలం. బాధ కూడా. ఒక కంపెనీకి చెడ్డ రోజు వస్తే ఒకే ఊరికి పది శవాలు వస్తాయి. ఫిన్లాండ్ తన మృతులను యుద్ధభూమిలో వదలకుండా వీలైనంతవరకు సొంత ఊరి చర్చి ఆవరణకే చేర్చింది. ఆ ఖర్చు తెలిసే ఆ నిర్మాణాన్ని ఎంచుకున్నారు.

టంపెరే నగరం కథ ఇక్కడ చెప్పాలి. 1918లో అది ఎర్రవాళ్ల కోట. మార్చి, ఏప్రిల్ నెలల్లో వీధి వీధినా పోరాడి తెల్లవాళ్లు దాన్ని పట్టుకున్నారు. తరువాత ఖైదీల శిబిరాల్లో ఆకలితో, జబ్బులతో వేలమంది ఎర్రవాళ్లు చనిపోయారు. 1930ల్లో అక్కడి రక్షక దళానికి అధిపతిగా ఉన్న ఆరో పయరి కార్మికుల ఎర్రజెండాలను దింపించిన మనిషి. ప్రాంతీయ పద్ధతి ప్రకారం టంపెరే ప్రాంతపు మనుషులతో ఏర్పడినదే 16వ పదాతి రెజిమెంట్. దాన్ని నడిపించింది ఆ పయరీయే. ఆ కార్మికుల కొడుకులు ఆ అధికారి కింద పోరాడతారా అని సందేహించడానికి ఎవరికైనా కారణం ఉంది. 1939 డిసెంబరు 12న తోల్వయార్వి దగ్గర గడ్డకట్టిన సరస్సు దాటి దాడి చేసి ఆ రెజిమెంట్ సోవియట్ డివిజన్‌ను వెనక్కి నెట్టింది. ఆ యుద్ధంలో ఫిన్లాండ్‌కు అది తొలి పెద్ద విజయం. దాని వెనుక రైఫిళ్లు ఒక్కటే లేవు. 1918లో కౌలురైతులకు భూమి దక్కించిన చట్టం, 1922లో వచ్చిన భూసంస్కరణ చట్టం, 1926లో సోషలిస్టులే ప్రభుత్వం ఏర్పాటు చేయగలిగిన ప్రజాస్వామ్యం ఉన్నాయి. పదాతిదళ నిర్మాణం గురించి రాసే పుస్తకాలు ఇది వదిలేస్తుంటాయి, నేను వదలలేను.

బెటాలియన్ లోపలికి వస్తే, మూడు రైఫిల్ కంపెనీలు, ఒక మెషిన్‌గన్ కంపెనీ. అలాంటి మూడు బెటాలియన్లు ఒక రెజిమెంట్. డివిజన్‌కు కాగితం మీద 14,200 మంది, 250 సబ్‌మెషిన్‌గన్లు, 250 తేలికపాటి మెషిన్‌గన్లు, 116 బరువైన మెషిన్‌గన్లు, 36 ఫిరంగులు. వీటిలో సబ్‌మెషిన్‌గన్ కథ మంచిది. ఐమో లాహ్తి పల్లెటూరి నుంచి వచ్చిన ఆయుధ మిస్త్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ లేనివాడు. అతను రూపొందించిన సువోమి ఎం-31 బరువైనది, ఖరీదైనది, కానీ గురి తప్పనిది, 70 తూటాల డ్రమ్ముతో అడవిలో దగ్గర పోరాటానికి అమోఘమైనది. దృష్టి యాభై గజాలు దాటని అడవుల్లో పోరాడాల్సి వస్తుందని గ్రహించినవాళ్లు దాన్ని పోలీసు ఆయుధంగా కాక పదాతి స్క్వాడ్ ఆయుధంగా చూశారు. యుద్ధం మొదలయ్యే నాటికి మొత్తం దేశంలో ఉన్నవి సుమారు నాలుగు వేలు. దాని దెబ్బ తిన్న సోవియట్ సైన్యం అప్పటిదాకా చిన్నచూపు చూసిన సబ్‌మెషిన్‌గన్‌ను మళ్లీ పెద్ద ఎత్తున తయారు చేసింది, ఆ డ్రమ్ము నమూనానూ తీసుకుంది.

అదే లాహ్తి, సలోరాంటాతో కలిసి చేసిన ఎం-26 తేలికపాటి మెషిన్‌గన్ మాత్రం జవాన్ల మెప్పు పొందలేదు. అది చక్కటి పనితనం. భాగాలు ఒకదానికొకటి అంత బిగువుగా అమరడంతో మంచు, గ్రీజు కలిసి గడ్డకడితే ఇరుక్కుపోయేది. మ్యాగజైన్‌లో ఇరవై తూటాలే. సైనికులు అవకాశం దొరికితే దాన్ని పక్కనపెట్టి శత్రువు వదిలేసిన దెగ్త్యారెవ్ మెషిన్‌గన్‌ను పట్టుకునేవారు. అదే మేధావి, అదే దేశం, అదే చలి. తేడా ఎక్కడంటే ఆయుధం నిలిచేదీ ఓడేదీ పరీక్షా మైదానంలో తేలదు, గడ్డకట్టిన వేళ్లతో దాన్ని విప్పి శుభ్రం చేయవలసిన మనిషి దగ్గర తేలుతుంది. పాత మాక్సింను 1930ల్లో మెరుగుపరిచినవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకున్నారు. చల్లార్చే నీటి తొట్టికి పెద్ద మూత పెట్టారు, నీళ్లు దొరక్కపోతే పిడికెడు మంచు నేరుగా కూరేలా.

వాళ్ల చలికాలపు సామగ్రిలో ఈ తెలివి నిండుగా ఉంది. ముందు కొన వంపు తిరిగిన పియెక్సు బూటును స్కీ మీద ఉన్న పటకాలోకి దూర్చితే చాలు, కట్టుకోనక్కర లేదు. కాల్పులు మొదలవగానే కాలు లాగేసి పడుకోవచ్చు. ఇరవై మంది పట్టే గుడారం, మధ్యలో పొయ్యి, దాన్నీ మెషిన్‌గన్‌నూ గాయపడినవాణ్నీ లాగడానికి ఆహ్కియో అనే పడవ ఆకారపు బల్ల. వేసవిలో సైకిళ్ల మీద నడిచే బెటాలియన్లే చలికాలంలో స్కీల మీదికి ఎక్కేవి. ఏదీ ప్రయోగశాలలో పుట్టలేదు. కలప కొట్టేవాళ్లు, రెయిన్‌డీర్ కాసేవాళ్లు అప్పటికే వాడుతున్న వస్తువులను సైన్యం స్కేలులోకి, అంటే మంజూరు జాబితాలోకి తెచ్చారు. సువోముస్సల్మి దగ్గర సీలస్‌వువో నాయకత్వంలోని దళాలకు మొదట్లో ఫిరంగులే లేవు. అయినా రాటే రోడ్డు మీద బారులు తీరి ఆగిన సోవియట్ 44వ డివిజన్‌ను అడవి పక్కల నుంచి ముక్కలు ముక్కలుగా కోయగలిగారు. గడ్డకట్టే చలిలో రాత్రి గుడారంలో వెచ్చగా నిద్రపోయినవాడు తెల్లవారి పోరాడగలడు. రోడ్డు మీద లారీల కింద ముడుచుకున్నవాడు పోరాడలేడు.

ఇప్పుడు లేనివాటి సంగతి. ఇది చెప్పకుండా ఫిన్లాండ్‌ను పొగిడితే అది అబద్ధం.

1927లో ఫిన్లాండ్ పార్లమెంటు నౌకాదళ చట్టం చేసింది. దాని కింద వైనామోయినెన్, ఇల్మరినెన్ అని రెండు కవచ యుద్ధనౌకలు కట్టారు. ఒక్కొక్కటి 3,900 టన్నులు, 254 మిల్లీమీటర్ల ఫిరంగులు. తీరరక్షణకు వాదన ఉంది, కాదనను. కానీ పేద దేశపు రక్షణ నిధుల్లో పెద్ద ముద్ద వాటికే పోయింది. 1939-40 చలికాలంలో సముద్రం గడ్డకట్టాక అవి తుర్కు రేవులో నిలబడి విమానాల మీద కాల్పులు జరిపాయి. ఇల్మరినెన్ 1941 సెప్టెంబరులో మందుపాతర తగిలి 271 మందితో మునిగిపోయింది. అదే కాలంలో పదాతిదళం ట్యాంకు విధ్వంసక తుపాకులు అడుగుతూ ఉంది. స్వీడన్ బోఫోర్స్ 37 మిల్లీమీటర్ల తుపాకీని ఎంచుకుని, కొని, చేయడం మొదలుపెట్టేసరికి ఆలస్యమైంది. యుద్ధారంభానికి చేతిలో ఉన్నవి దాదాపు వంద. ఎదురుగా వచ్చిన ట్యాంకులు రెండు వేలకు పైగా. జవాను మోసుకెళ్లగల ట్యాంకు విధ్వంసక రైఫిల్ ఉండాలా, ఉంటే 13 మిల్లీమీటర్లా 20 మిల్లీమీటర్లా అని నిపుణులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వాదన ముగిసేసరికి నమూనాలు తప్ప ఆయుధాలు లేవు. బ్రిటన్ నుంచి కొన్న విక్కర్స్ ట్యాంకులు తుపాకులు లేకుండా వచ్చాయి, బిగించే పని యుద్ధం మొదలయ్యాక కూడా సాగింది.

రక్షణ మండలి అధ్యక్షుడిగా 1931 నుంచి ఉన్న మన్నెర్‌హైమ్ డబ్బు అడుగుతూనే ఉన్నాడు, రాజీనామా చేస్తానని బెదిరిస్తూనే ఉన్నాడు. 1939 ఆగస్టులో ప్రధాని కయాందెర్ ఒక ప్రసంగంలో, గోదాముల్లో తుప్పు పట్టే ఆయుధాలు, చివికిపోయే యూనిఫారాలు పోగుచేయకుండా ప్రజల జీవన ప్రమాణాన్ని, విద్యను పెంచామని సంతోషం వ్యక్తం చేశాడు. ఆయన అటవీశాస్త్ర ఆచార్యుడు, నిజాయితీపరుడు. బడులు కట్టడం తప్పని నేను ఎన్నటికీ అనను. తోల్వయార్వి గురించి పైన చెప్పినదాంట్లో ఆ బడుల పాత్ర కూడా ఉంది. కానీ మూడు నెలలు తిరిగేసరికి ఆ దేశపు రిజర్విస్టుల్లో ఎందరో టోపీకి పెట్టుకునే బిళ్ల, నడుముకు బెల్టు, చేతికి రైఫిల్ మాత్రమే ప్రభుత్వం నుంచి పుచ్చుకుని, ఇంటి బట్టలతో యుద్ధానికి వెళ్లారు. జనం దానికి కయాందెర్ మోడల్ అని పేరు పెట్టారు. మంచులో కలిసిపోయే తెల్లటి పైవస్త్రాలు ఎన్నో ఇళ్లలో మహిళలు దుప్పట్లు కత్తిరించి కుట్టినవి.

ట్యాంకు విధ్వంసక తుపాకీ లేనిచోట దాని పనిని మనిషి దేహం చేసింది. రాయమాకిలోని సారాయి కర్మాగారం సీసాల్లో మండే ద్రవం నింపి లక్షల సంఖ్యలో పంపింది. ఆ సీసాలకు అప్పుడు పెట్టిన మొలోటోవ్ పేరు ప్రపంచమంతా తెలుసు. దాని వెనకున్న దృశ్యం తెలిసినవాళ్లు తక్కువ. కందకంలో పడుకుని, ట్యాంకు తన మీదుగా దాటేదాకా ఆగి, లేచి, ఇంజను మీదికి సీసా విసరాలి. లేదా మందుగుండు మూటను చేత్తో తీసుకెళ్లి పెట్టాలి. లేదా దుంగను చక్రాల మధ్య దూర్చాలి. అలా వెళ్లినవాళ్లలో తిరిగి రానివాళ్లు ఎక్కువ. వీళ్లను వీరులనడం సులువు. ఒక స్టోర్ కీపర్ లెక్కలో వాళ్లు, ఇండెంట్ పెట్టినా రాని వస్తువుకు బదులుగా ఇష్యూ అయిన మనుషులు.

ఫిరంగి గుండ్ల సంగతీ అంతే. మన్నెర్‌హైమ్ స్వయంగా రాసుకున్న లెక్క ప్రకారం యుద్ధారంభంలో రైఫిల్ తూటాలు అరవై రోజులకు ఉన్నాయి, తేలిక ఫిరంగి గుండ్లు ఇరవై ఒక్క రోజులకు. యుద్ధం 105 రోజులు సాగింది. ఫిబ్రవరిలో సుమ్మా దగ్గర సోవియట్ ఫిరంగులు గంటల తరబడి కురిపిస్తుంటే, ఫిన్నిష్ ఫిరంగి దళాలు గుండ్లు లెక్కపెట్టి వాడాయి. చివరికి సంధి జరిగింది. వీపురి నగరంతో సహా కరేలియా పోయింది, నాలుగు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి వచ్చారు, పాతిక వేలకు పైగా సైనికులు పోయారు. దేశం మాత్రం నిలిచింది. పక్కనే ఉన్న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల దగ్గరా మంచి ఆయుధాలున్నాయి. లిథువేనియా దగ్గరున్న బ్రనో మెషిన్‌గన్ వంశమే తరువాత మన సైన్యం దశాబ్దాలు వాడిన బ్రెన్. లాత్వియాది బ్రిటిష్ .303 తూటా, లిథువేనియాది జర్మన్ మౌజర్ తూటా. ఒకరి పెట్టె ఇంకొకరికి పనికిరాదు. ముగ్గురికీ కలిసి నిలబడే ఏర్పాటు లేదు. 1939 శరదృతువులో ఒక్కొక్కరుగా సోవియట్ స్థావరాలకు ఒప్పుకున్నారు. 1940 జూన్‌లో ఆ ఆయుధాలు దాదాపు పేలకుండానే చేతులు మారాయి.

మన సంగతి మీకు నేను చెప్పేంతవాణ్ని కాను. కానీ 2018 మార్చి నాటి మీ సంఘం నివేదికలోనే ఉంది: సైన్యం ఉపాధిపతి మీ ముందు సాక్ష్యమిస్తూ మన ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతబడినదని, 24 శాతం ప్రస్తుత కాలానిదని, 8 శాతమే అత్యాధునికమని చెప్పారు. 1962 చైనా యుద్ధంలో కాన్వాస్ బూట్లతో, .303 రైఫిళ్లతో మన జవాన్లు నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్) కొండలెక్కారు. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక సియాచిన్, లదాఖ్ వంటి చోట్ల మంచు కళ్లద్దాల కొరతను, పాత రకం మాస్కులు, జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు కొన్న సంగతిని ఎత్తి చూపింది. 1,86,138 బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు 2009లో అనుమతి వచ్చింది, కొనుగోలు ఒప్పందం 2018 ఏప్రిల్‌లో కుదిరింది. ఆ తొమ్మిదేళ్లలో జవాన్లు కాపలా మానలేదు. యుద్ధకాలే శస్త్రాభ్యాసం అని మన పెద్దలు వెక్కిరించింది సైనికుణ్ని కాదని, పద్దు రాసేవాళ్లనని నాకు అనిపిస్తుంది.

మనకు ఫిన్లాండ్‌కు లేని అదృష్టం ఉంది. పదాతి జవాను నేల మీద నుంచి పేల్చే ట్యాంకు విధ్వంసక క్షిపణులు హైదరాబాద్ పరిసరాల్లోనే భారత్ డైనమిక్స్ తయారు చేస్తోంది. భానూరు నుంచి కొంకుర్స్ క్షిపణులు వస్తాయి. ఎద్దుమైలారంలో పదాతి పోరాట వాహనాలు తయారవుతాయి. మిధాని కవచాలు చేస్తుంది. ఆ సామాను భద్రపరిచి, లెక్కపెట్టి, పంపే మనుషులు తయారయ్యేది సికింద్రాబాద్‌లో. చేసే చేతులున్నాయి, దాచే చేతులున్నాయి. ఎంత కావాలో, ఎప్పటికి కావాలో తేల్చి డబ్బు విడుదల చేయించవలసింది మీరు.

అందుకని నా విన్నపం. ఈసారి పద్దుల పరిశీలన మొదలుపెట్టేటప్పుడు విమానాల పేజీకి ముందు పదాతి బెటాలియన్ పేజీ తెరవండి. ప్రతి వస్తువుకూ రెండు అంకెలు పక్కపక్కన అడగండి: స్కేలు ప్రకారం ఉండవలసినవి ఎన్ని, చేతిలో ఉన్నవి ఎన్ని. దేశభద్రత దృష్ట్యా అంకెలు బయటపెట్టలేమంటే, మూసిన గదిలోనైనా అడగండి. ఒక్కో రకం తూటా, మోర్టారు గుండు, ట్యాంకు విధ్వంసక క్షిపణి ఎన్ని రోజుల యుద్ధానికి నిల్వ ఉందో రోజుల్లో చెప్పమనండి, కోట్ల రూపాయల్లో వద్దు. సైన్యం, సరిహద్దు దళాలు, పారామిలటరీ ఒకే వస్తువుకు వేర్వేరు కొలతలు రాసుకుంటున్నచోట అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

ఇంకొక్కటి. మీ ముందు సాక్ష్యమిచ్చేది ఎప్పుడూ జనరల్స్, కార్యదర్శులు. ఎత్తైన పోస్టుల్లో చలికాలం గడిపివచ్చిన సుబేదార్ మేజర్లను, బెటాలియన్ క్వార్టర్ మాస్టర్ హవల్దార్లను కూడా పిలవండి. ఏ బూటు చీలింది, ఏ మ్యాగజైన్ ఇరుక్కుంది, ఏ ఇండెంట్ ఎన్నిసార్లు తిరిగొచ్చింది అన్నది వాళ్లు తారీకులతో చెప్పగలరు. వాళ్లు మాట్లాడినందుకు వాళ్ల సర్వీసుకు ఇబ్బంది రాదన్న హామీ సంఘం ముందే ఇవ్వాలి. ఆ హామీ ఇవ్వగల అధికారం మీకే ఉంది.

ఇట్లు,
ఆర్మీ ఆర్డ్నెన్స్ కోర్‌లో పనిచేసిన ఒక విశ్రాంత స్టోర్ కీపర్